ఆటోనగర్‌లో బాగయ్యే దానికి వారంటీ ఎందుకు? ఒకే ఇంట్లో రెండు కార్ల కేసు

2023 సెప్టెంబరులో ఒక సాయంత్రం, విజయవాడలో నా మెకానిక్ షెడ్డు కట్టేసే వేళకు, పటమటలో ఉండే లెక్కల మాస్టారు స్కూటర్ మీద వచ్చారు. కారు తేలేదు. జేబులోంచి నాలుగు మడతలు పెట్టిన కాగితం తీసి బానెట్ మీద పరిచారు.

"రోజుకి రెండుసార్లు ఫోన్ చేస్తున్నారయ్యా. వచ్చే నెల 24తో వారంటీ అయిపోతుందట. ఆలోపు కట్టకపోతే ఇంకో రెండేళ్లు పొడిగించరట. ముప్పై ఒక్క వేల అయిదొందలు. కట్టమంటావా, వద్దంటావా?"

ముందు నా సంగతి చెప్పాలి. పదకొండేళ్లు ఒక షోరూమ్ సర్వీస్ సెంటర్‌లో అడ్వైజర్‌గా చేశాను. ఆ ఫోన్లు చేసినవాళ్లలో నేనూ ఒకణ్ణి. నెలకిన్ని ఎక్స్‌టెండెడ్ వారంటీలు అమ్మాలని టార్గెట్ ఉండేది, అమ్మితే ఇన్సెంటివ్ వచ్చేది. 2017 నుంచి విజయవాడ జవహర్ ఆటోనగర్‌లో సొంత షెడ్డు నడుపుతున్నాను. ఇప్పుడు లెక్క తిరగబడింది. మాస్టారిని కొనమంటే రెండేళ్లపాటు ఆయన బండి నా గడప తొక్కదు, ఎందుకంటే వారంటీ నిలవాలంటే సర్వీసులన్నీ కంపెనీలోనే చేయించాలి. వద్దంటే నా గిరాకీ నాకుంటుంది. ఇది మాస్టారికి ముందే చెప్పాను. ఆయన నవ్వి, "అందుకే నీ దగ్గరికొచ్చా, లెక్క పైకి చూపించి చెయ్యి" అన్నారు.

ఆయనది 2020 దసరా రోజు డెలివరీ తీసుకున్న కాంపాక్ట్ ఎస్‌యూవీ. చిన్న టర్బో పెట్రోల్ ఇంజన్, ఏడు గేర్ల డీసీటీ ఆటోమేటిక్, అంటే రెండు క్లచ్‌లుండి వాటిని కంప్యూటరే నొక్కే గేర్‌బాక్స్. మూడేళ్ల వారంటీ, కిలోమీటర్ల పరిమితి లేదు. మూడేళ్లలో తిరిగింది 27,000 కి.మీ. కాలేజీకి, గుడివాడలో అమ్మగారింటికి, ఏడాదికోసారి తిరుపతికి, అంతే.

మూడు రోజుల తర్వాత మాస్టారి బావమరిది వచ్చాడు. సింగ్‌నగర్‌లో ఉంటాడు, మెడికల్ రెప్. 2022 జనవరిలో కొన్న చిన్న హ్యాచ్‌బ్యాక్, మామూలు 1.2 పెట్రోల్, మాన్యువల్ గేర్లు. "అన్నా, బావగారికి చెప్పిందేదో నాకూ చెప్పు. నాకు మూడేళ్లకి 16,900 అన్నారు." మీటరు 37,000 దగ్గర ఉంది. అతని వారంటీ రెండేళ్లు లేదా 40,000 కి.మీ.

అతనిది అయిదు నిమిషాల్లో తేలిపోయింది, కాబట్టి అదే ముందు.

ఆ ఏడాదే అతనికి ఏలూరు, నూజివీడు, జంగారెడ్డిగూడెం లైను ఇచ్చారు. నెలకి 3,000 కి.మీ. తిరుగుతున్నాడు. కొత్త కాగితం మీద "అయిదేళ్లు లేదా 1,00,000 కి.మీ., ఏది ముందైతే అది" అని ఉంది. 40,000 నుంచి లక్షకి 60,000 కి.మీ. నెలకి మూడు వేల చొప్పున ఇరవై నెలలు. మూడేళ్లకని డబ్బు కట్టి వాడుకునేది ఇరవై నెలలే. పైగా ఆ బండిలో పోయేవేమిటి? ఆల్టర్నేటర్ అయితే మా వీధిలోనే రికండిషన్ చేస్తారు. ఏసీ కంప్రెసర్ కొత్తది వేసినా ఇరవై వేల లోపు. అతని తిరుగుడికి ముందు పోయేది క్లచ్ ప్లేటు, బ్రేక్ ప్యాడ్లు, సస్పెన్షన్ బుష్‌లు. ఆ మూడూ కాగితంలో "ఇవ్వబడవు" జాబితాలోనే ఉన్నాయి. వద్దన్నాను. ఆ డబ్బులో కొంత పెట్టి ఇన్సూరెన్సులో ఇంజన్ ప్రొటెక్ట్ యాడ్-ఆన్, అంటే నీళ్లెళ్లి ఇంజన్ పోతే ఇచ్చే అదనపు కవర్, తీసుకోమన్నాను. సింగ్‌నగర్ పల్లం, బుడమేరు వాగు పక్కన. వారంటీకి నీళ్లతో సంబంధం లేదు. నీళ్లు మింగిన ఇంజన్‌ని వారంటీ పట్టించుకోదు, మామూలు ఇన్సూరెన్సూ చాలాసార్లు తప్పించుకుంటుంది.

మాస్టారిది అలా తేలలేదు.

ఆయన ఎర్ర పెన్ను తీసి కాగితం వెనక ఒక పట్టిక గీశారు. ఒక గడిలో "ఆటోనగర్‌లో బాగవుతుంది", రెండో గడిలో "కాదు". నేను ఒక్కో పార్టు పేరు చెబుతుంటే ఆయన రాసుకున్నారు. నేను ఎవరికి సలహా చెప్పినా అడిగేది ఇదొక్కటే. ఇక్కడ లారీ టర్బోలు విప్పి బిగించే చేతులు బోలెడున్నాయి. డీజిల్ పంపులు, ఇంజెక్టర్లు, స్టీరింగ్ ర్యాకులు, రేడియేటర్లు, స్టార్టర్ మోటార్లు, ఏది పోయినా కంపెనీ ఎస్టిమేట్‌లో మూడో వంతుకో సగానికో నడిపిస్తారు. అలా నడిచేదానికి ముందుగా డబ్బు కట్టి కూర్చోవడం దండగ. కొత్త పార్టు తప్ప గతి లేనివి, అదీ కంపెనీ లాప్‌టాప్ తగిలిస్తే తప్ప బండి గుర్తుపట్టనివి కొన్ని ఉంటాయి. వారంటీ వాటి కోసం.

మాస్టారి "కాదు" గడిలో నాలుగు చేరాయి. డీసీటీ గేర్‌బాక్స్ యాక్చువేటర్ (క్లచ్‌లని కదిపే మోటార్ల భాగం), దాని కంట్రోల్ యూనిట్, రెండు కలిపి నేను చూసిన ఎస్టిమేట్లలో 1,60,000 దగ్గర. ఎలక్ట్రానిక్ యాక్చువేటర్ ఉన్న పెట్రోల్ టర్బో, 75,000. ఎలక్ట్రిక్ స్టీరింగ్ కాలమ్, 55,000. డ్యాష్‌బోర్డు స్క్రీన్, 60,000. ఇవన్నీ పోతాయని కాదు. పోతే ఇంత.

ఖర్చు వైపు 31,500 ఒక్కటే కాదు. కంపెనీ సర్వీసుకి, నా దగ్గర చేయించుకునే సర్వీసుకి ఏడాదికి సుమారు 3,500 తేడా వస్తుంది. అదీ ఇంజన్ ఫ్లష్, ఏసీ క్లీనింగ్, అండర్ బాడీ కోటింగ్ అని అంటగట్టేవన్నీ వద్దు వద్దంటూ వస్తేనే. రెండేళ్లకి 7,000. అసలు ధర 38,500.

మాస్టారు వెంటనే భాగించారు. "38,500ని 1,60,000తో... ఇరవై నాలుగు శాతం. అంటే నాలుగు బళ్లలో ఒకదానికి ఈ రెండేళ్లలో గేర్‌బాక్స్ పోతేనే గిట్టుబాటు. అంత పోతాయా?"

పోవు. నిజం చెప్పాను. మిగతా మూడూ కలుపుకున్నా లెక్క కంపెనీ వైపే మొగ్గుతుంది. లేకపోతే వాళ్లెందుకు అమ్ముతారు? కానీ ఆయన్ని ఇంకో ప్రశ్న అడిగాను. "మాస్టారూ, వచ్చే నెల లక్షా అరవై వేలు కట్టమంటే ఎక్కణ్ణుంచి తెస్తారు?" అబ్బాయి ఇంజనీరింగ్ మూడో సంవత్సరం. పాప ఇంటర్. ఆయన పెన్ను మూత పెట్టి, "అప్పే" అన్నారు. అలాంటప్పుడు సగటు లెక్క ఆయనకి పనికిరాదు. బ్యాంకులో అయిదు లక్షలు ఊరికే పడి ఉన్న మనిషైతే అదే బండికి వద్దనేవాణ్ణి.

ఇంకో సంగతి అడిగారు. 2020లో బండి కొన్నప్పుడే ఇదే వారంటీ 22,000కి ఇస్తామన్నారట, లోన్‌లో కలిపేస్తామన్నారట. అప్పుడే తీసుకోవాల్సిందా అని బాధ. ఏడేళ్ల లోన్, 9.5 శాతం వడ్డీ వేసి చూస్తే ఆ 22,000 చివరికి సుమారు 30,200 అవుతుంది. పోయిందేమీ లేదు. చేతిలో డబ్బు పెట్టి కొంటేనే తొందరగా కొన్నందుకు లాభం.

కాగితాలు రెండు తెచ్చారాయన. ఒకటి బండి కంపెనీ సొంత వారంటీ. రెండోది బయటి సంస్థది, 19,000కే. చవకగా ఉంది కదా అని చూస్తే అందులో ఒక్కో క్లెయిమ్‌కి 50,000 మించి ఇవ్వం అని ఉంది. పైగా ముందు మనం కట్టి తర్వాత వాళ్ల నుంచి తెచ్చుకోవాలి. మనం భయపడుతున్నది లక్షా అరవై వేల పార్టుకి. దాన్ని పక్కన పెట్టేశాం.

కంపెనీ కాగితాన్ని మాత్రం రెండుసార్లు చదివాను. ఈ కాగితాలు రెండు రకాలు. "ఇవి మాత్రమే ఇస్తాం" అని జాబితా రాసేది ఒకటి, "ఇవి తప్ప అన్నీ ఇస్తాం" అని రాసేది ఒకటి. రెండోది మేలు, ఎందుకంటే జాబితాలో లేనిదేదైనా పోతే నోరెత్తే హక్కు మనకుంటుంది. మాస్టారిది రెండో రకమే. "ఇవ్వబడవు" జాబితాలో ఎప్పుడూ ఉండేవే ఉన్నాయి: టైర్లు, బ్యాటరీ, వైపర్లు, బల్బులు, బెల్టులు, రబ్బరు గొట్టాలు. వాటి మధ్యలో "క్లచ్ డిస్క్, ప్రెజర్ ప్లేట్". నా పెన్సిల్ అక్కడ ఆగింది. మాన్యువల్ బండిలో క్లచ్ అరగడం డ్రైవర్ కాలు మీద ఆధారపడుతుంది, ఇవ్వం అంటే అర్థం ఉంది. డీసీటీలో క్లచ్ నొక్కేది కంప్యూటర్. మరి దాని క్లచ్ కూడా ఈ మాట కిందకే వస్తుందా? పక్కన ప్రశ్న గుర్తు పెట్టి, మెయిల్ పెట్టి అడగమన్నాను. మాస్టారు ఫోన్‌లో అడిగారు. "గేర్‌బాక్స్ మొత్తం కవర్ అవుతుంది సార్, మీకు టెన్షన్ అక్కర్లేదు" అన్నారట. సరేలే అనుకున్నాం. రాతపూర్వకంగా తీసుకోమని నేను గట్టిగా పట్టుబట్టలేదు. ఈ కేసులో నా తప్పు అదే, దాని ఖరీదు కింద వస్తుంది.

కట్టమన్నాను. కట్టే ముందు ఒక పని చేయించాను. పాత వారంటీ ఇంకా నెలన్నర ఉండగానే బండిని కంపెనీకి తీసుకెళ్లి, ఉన్న ప్రతి చిన్న ఇబ్బందినీ జాబ్ కార్డు మీద రాయించమన్నాను. ట్రాఫిక్‌లో మెల్లగా కదిలేటప్పుడు బండి కొద్దిగా కుదుపుతోందని మాస్టారు ఎప్పటి నుంచో అంటున్నారు. కౌంటర్‌లో అబ్బాయి "అది ఈ గేర్‌బాక్స్‌కి మామూలే సార్" అని రాయనన్నాడట. రాయకపోతే బండి ఇవ్వనని మాస్టారు కూర్చున్నారు. చివరికి ఒక లైను పడింది: "తక్కువ స్పీడులో కుదుపు, కస్టమర్ ఫిర్యాదు. టెస్ట్ డ్రైవ్‌లో గమనించలేదు. 27,410 కి.మీ."

దాని జిరాక్సు నా ఫైల్లో పెట్టుకున్నాను.

బుడమేరు

2024 సెప్టెంబరు 1, ఆదివారం పొద్దున బావమరిది ఫోన్. వెనక జనం అరుపులు. "అన్నా, వీధిలోకి నీళ్లొచ్చేస్తున్నాయి. బండి స్టార్ట్ చేసి ఫ్లైఓవర్ మీద పెట్టేస్తా."

"చక్రం ఎంత మునిగింది?"

"సగం దాటింది."

"తాళం ముట్టుకోకు. బ్యాటరీ వైరు తీసెయ్, పైకెళ్లిపో."

ఆ నీళ్లు రోజుల తరబడి తీయలేదు. బండి సీట్ల దాకా మునిగింది. నేను తీసుకోమన్న యాడ్-ఆన్ ఆ బండికి లేదు. రెన్యువల్‌లో ఫోన్ ఏజెంట్ ప్రీమియం తగ్గించి చూపించడానికి దాన్ని తీసేశాడు, ఇతను చూసుకోలేదు. స్టార్ట్ చేయలేదు కాబట్టి బతికాడు. ప్లగ్గులు విప్పి, ఇంజన్ని చేత్తో తిప్పి చూశాం. నీళ్లు లోపలికి వెళ్లాయి కానీ కనెక్టింగ్ రాడ్లు వంగలేదు. ఆయిలు మూడుసార్లు మార్చాం. వైరింగు, సీట్లు, మ్యాట్లు, ఒక కంట్రోల్ యూనిట్ ఇన్సూరెన్సు కింద వచ్చాయి. ఆ వారం ఆటోనగర్‌లో టోయింగ్ బండ్లు వరస కట్టాయి. వాటిలో వచ్చిన చాలామంది నన్నడిగిన మొదటి మాట, "ఎక్స్‌టెండెడ్ వారంటీ ఉందండీ, వస్తుందా?" రాదని చెప్పడానికి నోరు రాలేదు.

క్లెయిమ్

2025 మార్చి. మాస్టారు బెంజ్ సర్కిల్ ఫ్లైఓవర్ కింద ట్రాఫిక్‌లో ఉండగా మీటరులో గేర్‌బాక్స్ వేడెక్కిందని హెచ్చరిక వచ్చింది. పక్కకు ఆపి పది నిమిషాలు చూసి బయల్దేరారు. ఇంటి దగ్గర రివర్స్ పడలేదు. నాకు ఫోన్ చేస్తే, ముందుకు నడిపి గేర్లు లెక్కపెట్టమన్నాను. ఒకటి నుంచి మూడుకి దూకుతోంది, మూడు నుంచి అయిదుకి. రెండు లేదు, నాలుగు లేదు. చాలా డీసీటీల్లో బేసి గేర్లు ఒక క్లచ్ మీద, సరి గేర్లూ రివర్సూ రెండో క్లచ్ మీద ఉంటాయి. రెండోది చేతులెత్తేసిందని ఫోన్‌లోనే అర్థమైంది. లెక్కల మాస్టారికి ఈ బేసి-సరి సంగతి తెగ నచ్చింది, ఆ బాధలోనూ.

సర్వీస్ సెంటర్ మొదట సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేసి, తొమ్మిది రోజులు ఉంచుకుని పంపింది. నాలుగో రోజు మళ్లీ అదే. ఈసారి ఎస్టిమేట్ 2,14,000: క్లచ్‌లు, యాక్చువేటర్, కంట్రోల్ యూనిట్, లేబర్. మర్నాడు క్లెయిమ్ తిరస్కరించామని చెప్పారు. కారణాలు రెండు. క్లచ్ అరిగే వస్తువు. 2024 సర్వీసు 47 రోజులు ఆలస్యం.

ఆలస్యం నిజమే. సర్వీసు "ఏడాది లేదా 10,000 కి.మీ., ఏది ముందైతే అది". మాస్టారు ఏడాదిలో 8,200 తిరిగారు, ఇంకా టైముంది కదా అనుకున్నారు. తక్కువ తిరిగేవాళ్లంతా పడే గుంట ఇదే. బండి షెడ్డులో నిలబడి ఉన్నా తేదీ పరుగెత్తుతూనే ఉంటుంది.

మాస్టారు కేసు వేస్తానని లేచారు. కూర్చోబెట్టాను. మొదట, నోటిమాట తిరస్కారం వద్దు, ఏ క్లాజు కింద ఇవ్వడం లేదో నంబరుతో సహా మెయిల్ పెట్టమని అడగమన్నాను. రెండోది, స్కానర్ రిపోర్టు కాపీ. దానికి నాలుగు రోజులు తిప్పారు. వచ్చాక చూస్తే ఎర్రర్ కోడ్‌లు యాక్చువేటర్ మోటార్‌వి, క్లచ్ అరుగుదలవి కావు. మూడోది, నా ఫైల్లోని జిరాక్సు. 27,410 కి.మీ. దగ్గర, ఒరిజినల్ వారంటీ నడుస్తుండగానే, ఇదే గేర్‌బాక్స్ మీద ఫిర్యాదు రాసి ఉంది. సర్వీసు ఆలస్యం అయింది ఆ తర్వాతి ఏడాది. ఆలస్యం వల్ల జబ్బు వచ్చిందనడానికి లేదు, జబ్బు ముందే ఉంది.

ఈ మూడూ కలిపి కంపెనీ రీజినల్ ఆఫీసుకి ఒక పేజీ మెయిల్. తిట్లు లేవు, తేదీలు మాత్రమే. మాస్టారి భాషలో, స్టెప్పులు దాటకుండా చేసిన లెక్కలా ఉంది. అయిదు రోజులు జవాబు లేకపోతే నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు. అక్కడా తేలకపోతే జిల్లా కన్స్యూమర్ కమిషన్, అయిదు లక్షల లోపు విలువకి ఫీజు కూడా లేదు. అంత దాకా వెళ్లలేదు. మూడు వారాలకి ఒప్పుకున్నారు. యాక్చువేటర్, కంట్రోల్ యూనిట్, లేబర్ వాళ్లవి. క్లచ్‌ల ఖరీదులో కొంత గుడ్‌విల్ కింద తగ్గించి మిగతాది మాస్టారిదన్నారు: 41,300. ఆ పెన్సిల్ ప్రశ్న గుర్తుకి జవాబు రాతలో ఉండి ఉంటే ఇది కట్టేవాళ్లం కాదని నా నమ్మకం. మొత్తం 34 రోజులు బండి లేదు.

ఇప్పుడు ఖాతా మూయాలి. 31,500, సర్వీసు తేడా 7,000, క్లచ్ 41,300. మొత్తం 79,800. కంపెనీ ఎస్టిమేట్‌తో పోల్చి 1,34,000 మిగిలిందని చెప్పుకోవచ్చు. నేను చెప్పుకోను, ఎందుకంటే వారంటీ లేకపోతే మాస్టారు కంపెనీలో చేయించేవారే కాదు. హైదరాబాద్‌లో డీసీటీలు మాత్రమే చేసే ఒక బయటి షాపుని అప్పుడే అడిగి చూశాను, ఆరు నెలల గ్యారంటీతో 1,25,000 అన్నారు. అసలు మిగిలింది 45,200. దానికి 34 రోజుల స్కూటర్ ప్రయాణాలు, ఆయన బీపీ మాత్రలు తీసేసుకోండి.

ఇంతకీ ఆ గేర్‌బాక్స్ పోకపోయి ఉంటే 38,500 ఊరికే పోయేది, అప్పుడు కూడా నా సలహా ఇదే అయ్యుండేది.

మళ్లీ అదే కాగితం

2025 అక్టోబరులో అయిదో ఏడు ముగియబోతుండగా మళ్లీ ఫోన్లు మొదలయ్యాయి. ఆరు, ఏడు సంవత్సరాలకి 44,000. మాస్టారు పాత పట్టికతోనే వచ్చారు, అంచులు చిరిగిపోయి ఉంది. ఈసారి గేర్‌బాక్స్‌లో ముఖ్యమైనవన్నీ కొత్తవి. పైగా సెప్టెంబరు 22 నుంచి స్పేర్ పార్టుల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది, అదే పార్టు బిల్లు నూటికి ఎనిమిది దాకా తగ్గుతుంది. భయపడాల్సిన మొత్తం చిన్నదైంది, అడిగే ధర పెద్దదైంది.

"కాదు" గడిలోవి ఒక్కొక్కటే మళ్లీ చూశాం. యాక్చువేటర్ కొట్టేశారు. స్టీరింగ్ కాలమ్ దగ్గర, రెండేళ్ల కిందట లేని కుర్రాడొకడు ఇప్పుడు మా వీధి చివర వీటి మోటార్లు బాగు చేస్తున్నాడని చెప్పాను. కొట్టేశారు. "మరి స్క్రీనో?" అన్నారు. హైదరాబాద్‌లో ఒకరికి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టాను. "డిస్‌ప్లే పోయిందా, బోర్డు పోయిందా? ఏదైనా పంపించండన్నా, చూద్దాం" అన్నాడు అవతల. ఎర్ర గీత పడింది.

టర్బో దగ్గర పెన్ను ఆగింది. మాస్టారు నా వైపు చూశారు. నేను ఎదురుగా లారీ టర్బో విప్పుతున్న షెడ్డు వైపు చూశాను.

"ఆదివారం దాకా టైమివ్వండి మాస్టారూ," అన్నాను. "కనుక్కుంటా."